డేనియల్ క్రెయిగ్ చివరి బాండ్ సినిమా ‘నో టైమ్ టు డై’: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా వచ్చి ఏళ్ళవుతున్నా, ఓటీటీలో కొత్తగా చూసినవాళ్ళంతా అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. కథ ముగింపు ‘చూసేశాక’ అనే భాగంలో పూర్తిగా బయటపడుతుంది. ఇంకా చూడనివాళ్ళు దాని జోలికి వెళ్ళకండి. మిగతా భాగాల వల్ల ఏ నష్టమూ లేదు.

## చూడబోయే ముందు

ఇదొక్కటే చూస్తే అర్థమవుతుందా, పాతవన్నీ చూడాలా?

ఫైట్లు, ఛేజింగులు అర్థమవుతాయి. బాధ మాత్రం అర్థం కాదు. క్రెయిగ్‌కి ముందు బాండ్ సినిమాలు దేనికది విడి కథ. ఏది ముందు చూసినా, ఏది తర్వాత చూసినా తేడా ఉండేది కాదు. క్రెయిగ్ చేసిన ఐదూ అలా కాదు, ఐదు భాగాల సీరియల్. 2006లో ‘క్యాసినో రాయల్’లో మొదలైన మనిషి కథ 2021లో ఇక్కడ ముగుస్తుంది. మొదటి పావుగంటలోనే బాండ్ ఇటలీలో ఒక సమాధి దగ్గరికి వెళ్తాడు. ఆ సమాధి ఎవరిదో, అతనికి ఆమె ఏమవుతుందో తెలియకపోతే సినిమా సగం పోయినట్టే.

ఐదూ చూసే ఓపిక లేదు. ఏవి చూస్తే చాలు?

‘క్యాసినో రాయల్’ (2006), ‘స్పెక్టర్’ (2015). ఈ రెండూ తప్పవు. మొదటిదాంట్లో బాండ్ ప్రేమించిన వెస్పర్ లిండ్ ఉంది, రెండోదాంట్లో అతని తర్వాతి ప్రేయసి మాడెలిన్ స్వాన్, విలన్ బ్లోఫెల్డ్ ఉన్నారు. చివరి సినిమా నిలబడింది ఈ ముగ్గురి మీదే. ‘స్కైఫాల్’ (2012) కథకోసం కాకపోయినా సినిమాకోసం చూడాలి. నా లెక్కలో ఐదింటిలో అందమైనది అదే. ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008) వదిలేసినా పర్వాలేదు. హాలీవుడ్ రచయితల సమ్మె సమయంలో తీసిన సినిమా అది. స్క్రిప్టు పూర్తికాక కొన్ని సీన్లు డైరెక్టరూ తనూ కలిసి రాసుకున్నామని క్రెయిగే తర్వాత చెప్పాడు. చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

పట్టుబట్టి అన్నీ చూస్తామంటే ఐదింటికీ కలిపి పన్నెండు గంటలకు పావుగంట తక్కువ. రెండు ఆదివారాలు.

తెలుగులో ఉందా?

ఉంది. 2021 సెప్టెంబర్ 30న మన దేశంలో ఇంగ్లీషుతోపాటు తెలుగు డబ్బింగ్‌తో కూడా విడుదలైంది. 2022 మార్చిలో ప్రైమ్ వీడియోలోకి వచ్చినప్పుడూ తెలుగు ఆడియో ఉంది. ఓటీటీ హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి చూసే రోజున ఒకసారి వెతుక్కోండి. నామాట వింటే ఇంగ్లీషు ఆడియో పెట్టుకుని, కింద సబ్‌టైటిల్స్ వేసుకోండి. క్రెయిగ్ చివర్లో మాటలకన్నా గొంతుతో ఎక్కువ నటించాడు. అది డబ్బింగ్‌లో రాదు.

పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

బ్రిటన్‌లో దీనికి 12ఏ, అమెరికాలో పీజీ-13 ఇచ్చారు, అంటే పన్నెండు, పదమూడేళ్ళ లోపు పిల్లలైతే పెద్దవాళ్ళు చూసుకోవాలని. ఇబ్బందిపెట్టే శృంగారం దాదాపు లేదు. హింస ఉంది. మొదటి సీన్‌లోనే ముసుగు మనిషి ఒకడు ఇంట్లోకి వచ్చి తల్లిని చంపుతాడు, చిన్నపిల్ల దాక్కుంటుంది. భయపడే వయసు పిల్లలుంటే మీరు ముందు ఒకసారి చూడండి. (ముద్దు సీన్ల గొడవ జరిగింది దీనికి కాదు, ‘స్పెక్టర్’కి. 2015లో మన సెన్సార్ బోర్డు అందులో ముద్దుల నిడివిని కత్తిరిస్తే దేశమంతా జోకులేసుకున్నారు.)

163 నిమిషాలట. బోర్ కొట్టదా?

బాండ్ సినిమాలన్నిటిలోకీ పొడవైనది ఇదే. మొదటి గంటన్నర ఎలా పోతుందో తెలియదు. దీవికి చేరాక, విలన్ మాట్లాడటం మొదలుపెట్టాక కాస్త సాగుతుంది. చివరి ఇరవై నిమిషాలు మళ్ళీ పట్టేస్తుంది. మూడు గంటల సినిమాలు ఇంటర్వెల్‌లో సమోసా తింటూ చూసి పెరిగిన మనకి ఇదొక లెక్క కాదు.

## ఎదురుచూపుల కాలం

ఇన్నిసార్లు వాయిదా పడింది కదా, అన్నీ కరోనా వల్లేనా?

కాదు. మొదట అనుకున్న తేదీ 2019 నవంబర్. డైరెక్టర్ మారడంతో అది 2020 ఫిబ్రవరికి, అక్కణ్ణించి ఏప్రిల్‌కి జరిగింది. ఈ రెండూ కరోనాకు ముందువే. ఆ తర్వాతివి మూడు. 2020 మార్చి 4న నవంబర్‌కి వాయిదా వేశారు. కరోనా భయంతో వెనక్కి తగ్గిన మొదటి హాలీవుడ్ భారీ సినిమా ఇదే. అప్పటికి చాలా దేశాల్లో థియేటర్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి అతిజాగ్రత్త అని నవ్వినవాళ్ళున్నారు. రెండు వారాలు తిరిగేసరికి ఎవరూ నవ్వలేదు. అక్టోబర్‌లో 2021 ఏప్రిల్‌కి మార్చారు. జనవరిలో మళ్ళీ 2021 అక్టోబర్‌కి మార్చారు.

రెండోసారి కరోనా వాయిదా దెబ్బ సినిమాతో ఆగలేదు. ఆ ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే సినీవరల్డ్ సంస్థ బ్రిటన్, అమెరికాల్లోని తన థియేటర్లన్నీ తాత్కాలికంగా మూసేసింది. జనాన్ని హాలుకి రప్పించగల పెద్ద సినిమా చేతిలో లేనప్పుడు తలుపులు తెరిచి ఉంచితే కరెంటు ఖర్చే.

చివరికి 2021 సెప్టెంబర్ 28న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రీమియర్ జరిగింది. బ్రిటన్‌లోనూ మన దగ్గరా సెప్టెంబర్ 30న, అమెరికాలో అక్టోబర్ 8న విడుదలైంది. ముంబై, పుణె అభిమానులకు ఆ రోజు కూడా దక్కలేదు. మహారాష్ట్రలో థియేటర్లు అక్టోబర్ 22న గానీ తెరవలేదు.

బాండ్ సినిమాల మధ్య ఇంత ఖాళీ ఎప్పుడూ రాలేదా?

వచ్చింది. 1989లో తిమొతీ డాల్టన్ రెండో సినిమాకీ, 1995లో పియర్స్ బ్రాస్నన్ మొదటి సినిమాకీ మధ్య ఆరేళ్ళు దాటింది. ‘స్పెక్టర్’ నుంచి దీనికి పట్టింది ఆరేళ్ళకు కొంచెం తక్కువే. ఈసారి ట్రైలర్ చూపించి, పాట వినిపించి, పోస్టర్ మీద తేదీ వేసి మరీ ఆపారు. అందుకే ఎక్కువ అనిపించింది.

డానీ బోయిల్ తీయాల్సిన సినిమా కదా, ఎందుకు తప్పుకున్నాడు?

‘సృజనాత్మక విభేదాలు’ అని 2018 ఆగస్టులో ప్రకటించారు. సినిమావాళ్ళ భాషలో దానర్థం కథ దగ్గర కుదరలేదని. తర్వాత క్యారీ జోజీ ఫుకునాగా వచ్చాడు. బాండ్ కథల మీద ఏళ్ళుగా పనిచేస్తున్న నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్‌లతో కలిసి స్క్రిప్టు రాశాడు. డైలాగులకు పదును పెట్టడానికి రచయిత్రి ఫీబీ వాలర్-బ్రిడ్జ్‌ని తీసుకొచ్చారు. ఆమెను పిలిపించమని అడిగింది క్రెయిగే.

ఇంకో బాండ్ సినిమా చేయడంకన్నా మణికట్టు కోసుకుంటానన్నాడు కదా. మళ్ళీ ఎందుకు చేశాడు? డబ్బుకోసమేనా?

ఆ మాట అన్నది 2015లో, ‘స్పెక్టర్’ షూటింగ్ ముగిసిన కొన్ని రోజులకే. ఆ సినిమా తీస్తుండగా మోకాలికి దెబ్బ తగిలింది, నొప్పితోనే పూర్తిచేశాడు. మారథాన్ పరిగెత్తి గీత దాటినవాణ్ణి మళ్ళీ ఎప్పుడు పరిగెడతావని అడిగితే ఏం చెబుతాడు? 2017 ఆగస్టులో స్టీఫెన్ కోల్బర్ట్ టీవీ షోలో మళ్ళీ చేస్తానని చెప్పాడు. అప్పటి జవాబు తెలివితక్కువదని కూడా ఒప్పుకున్నాడు.

డబ్బు బాగానే ఇచ్చి ఉంటారు, అందులో దాపరికం ఏముంది! కానీ కథ ‘స్పెక్టర్’ దగ్గర ఆగిపోతే కారెక్కి అమ్మాయితో వెళ్ళిపోయే మామూలు ముగింపే మిగిలేది. అతనికి కావలసింది అది కాదు. ఈ సినిమాలోనూ గాయాలు తప్పలేదు. 2019 మేలో జమైకా షూటింగ్‌లో చీలమండకు దెబ్బ తగిలి చిన్న ఆపరేషన్ అయింది.

అన్నాళ్ళు ఆపే బదులు నేరుగా ఓటీటీలో వేసేయొచ్చు కదా?

2020 చివర్లో స్టూడియో ఎమ్‌జీఎమ్ అలాంటి బేరాలు వింటోందని వార్తలొచ్చాయి. సినిమా అమ్మకానికి లేదని సంస్థ చెప్పింది. బాండ్ విషయంలో స్టూడియో ఒక్కటే ఒప్పుకుంటే చాలదు. అప్పటికి నిర్ణయాలన్నిటిలోనూ నిర్మాతలు బార్బరా బ్రకోలీ, మైకేల్ జి. విల్సన్‌ల మాటే చెల్లేది. వాళ్ళు థియేటర్ పక్షం. ఐమ్యాక్స్ ఫిల్మ్ కెమెరాలతో కొన్ని భాగాలు తీసిన మొదటి బాండ్ సినిమా ఇది. అలాంటిదాన్ని ఫోన్‌లో మొదటిసారి చూడమని ఏ నిర్మాత మాత్రం చెబుతాడు?

ఆ రాతిమెట్ల ఊరు నిజంగా ఉందా, సెట్టా?

నిజమే. దక్షిణ ఇటలీలోని మటేరా. కొండ తొలిచి కట్టుకున్న ఇళ్ళతో వేల ఏళ్ళుగా మనుషులు ఉంటున్న ఊరు. ఆ నున్నటి బండలమీద బైకులు జారిపోతుంటే, పట్టుకోసం వేల లీటర్ల కోకాకోలా చల్లారు. ఆరాక రాయి జిగురుగా తయారవుతుంది. మనవాళ్ళయితే బెల్లం నీళ్ళు చల్లేవారేమో. బాండ్ దూకే వంతెన మాత్రం మటేరాలో లేదు, దగ్గరలోని గ్రవీనాలో ఉంది.

క్యూబా వీధులు లండన్ పక్కన పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్. మంచు సరస్సు నార్వేలోది. విలన్ దీవి కథలో జపాన్, రష్యాల మధ్య ఉంటుంది, తీసింది మాత్రం ఫేరో దీవుల్లోని కాల్సోయ్‌లో.

## చూసేశాక (ఇక్కడ కథ మొత్తం తెలిసిపోతుంది)

బాండ్ నిజంగానే చనిపోయాడా? ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడు కదా?

చనిపోయాడు. అనుమానం లేకుండా చూపించారు. అతను నిలబడ్డ చోటే క్షిపణులు పడతాయి. 1962లో ‘డాక్టర్ నో’తో మొదలైన ఈ వరసలో బాండ్ తెరమీద చనిపోవడం ఇదే మొదటిసారి. 1967లో ఒకసారి చచ్చినట్టు నాటకమాడాడు, ‘స్కైఫాల్’లో తూటా తగిలి నీళ్ళలో పడి మళ్ళీ వచ్చాడు. ఈసారి అలాంటి కిటికీ ఏదీ తెరిచి ఉంచలేదు. హీరోని చంపితే మన దగ్గర ఇల్లు చేరేదాకా సణుగుతారు. ప్రపంచమంతా అలాగే సణిగింది.

చంపాలన్న ఆలోచన ఎవరిది? చివర్లో హడావిడిగా పెట్టారా?

క్రెయిగ్‌దే, అదీ 2006లోనే. ‘క్యాసినో రాయల్’ ప్రీమియర్‌కి బెర్లిన్ వెళ్ళినప్పుడు కారు వెనకసీట్లో కూర్చుని బార్బరా బ్రకోలీని, ఇలాంటివి ఎన్ని చేయాలని అడిగాడట. నాలుగు అందామె. అయితే చివరిదాంట్లో నేను అతన్ని చంపేయొచ్చా అన్నాడు. సరే అంది. ఈ సంగతి అతనే విడుదల తర్వాత చెప్పాడు. మొదటి సినిమా అప్పుడప్పుడే జనంలోకి వెళ్తున్న రోజులవి. అంతకుముందు బంగారు రంగు జుట్టువాడు బాండేంటని బహిష్కరణ పిలుపులు కూడా నడిచాయి. ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. పదిహేనేళ్ళ తర్వాత మాట నిలబెట్టుకున్న నిర్మాత ఇంకా నచ్చుతుంది.

క్షిపణులు పడేలోపు పారిపోవచ్చు కదా? అసలు అతన్ని ఆపిందేమిటి?

చాలామంది తికమకపడేది ఇక్కడే. ‘హెరాక్లీస్’ అంటే మనిషి ఒంట్లోకి చేరే అతిచిన్న యంత్రాలు. ఒక్కో మోతాదును ఒక్కో డీఎన్ఏకి గురిపెట్టి తయారుచేస్తారు. గురి లేనివాళ్ళ ఒంట్లో అవి ఊరికే ఉంటాయి, ఏమీ చేయవు. కానీ వాళ్ళు ఎవరిని తాకితే వాళ్ళకు అంటుకుంటాయి. గురి ఉన్న మనిషి, ఆ రక్తసంబంధీకులు తగిలితే చంపేస్తాయి. ఒంట్లోంచి తీసే దారి లేదు. బ్లోఫెల్డ్ చచ్చింది కూడా ఇలాగే. మాడెలిన్ చేతి నుంచి బాండ్ చేతికి, అక్కణ్ణించి బ్లోఫెల్డ్ మెడకి.

చివరి కొట్లాటలో విలన్ సాఫిన్ ఒక గాజుగొట్టం పగలగొట్టి బాండ్‌కి అంటిస్తాడు. అది మాడెలిన్‌కి గురిపెట్టింది. అంటే ఆమె కూతురు మథిల్డ్‌కి కూడా. బతికి ఒడ్డుకి చేరినా భార్యగా చూసుకోవలసిన మనిషినీ, కన్నబిడ్డనూ జీవితాంతం ముట్టుకోకూడదు. పైగా అప్పటికే తూటాలు దిగి ఉన్నాయి. మూసుకుపోయిన క్షిపణి తలుపులు మళ్ళీ తెరవడానికి వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది, టైమ్ అయిపోయింది. ఇన్ని కారణాలు అక్కర్లేదు, ఆ గాజుగొట్టం ఒక్కటి చాలు.

007 నంబరు నోమీకి ఇచ్చేశారు. అంటే ఇకపై బాండ్ అమ్మాయా?

కాదు. 007 అనేది ఉద్యోగంలో ఇచ్చే నంబరు. బాండ్ ఐదేళ్ళ క్రితం రాజీనామా చేసి జమైకాలో చేపలు పట్టుకుంటున్నాడు, ఖాళీ అయిన నంబరు ఇంకొకరికి ఇచ్చారు. దీవికి వెళ్ళే ముందు దాన్ని తిరిగి అతనికే ఇవ్వమని అడిగేది కూడా నోమీయే. విడుదలకు ముందు దీనిమీద నోమీగా చేసిన లషానా లించ్‌ని నానా మాటలన్నవాళ్ళు సినిమా చూశాక ఏం మాట్లాడలేదు.

సాఫిన్‌కి అసలు ఏం కావాలి?

సగం వరకు స్పష్టంగా ఉంది. స్పెక్టర్ ముఠాకోసం మాడెలిన్ తండ్రి అతని కుటుంబాన్ని చంపాడు, అందుకు పగ. క్యూబాలో ముఠా మొత్తాన్ని తుడిచిపెట్టేశాక ఆ పగ తీరిపోయింది. తర్వాత లక్షలమందిని ఎందుకు చంపాలనుకుంటాడో రచయితలు గట్టిగా చెప్పలేకపోయారు. సాఫిన్‌గా చేసిన రామీ మలెక్ గొంతు తగ్గించి భయపెట్టాలని చూశాడు, కానీ రాసింది లేనప్పుడు నటుడు ఎంతని మోస్తాడు. సినిమాలో పెద్ద లోటు ఇదే.

క్యూబాలో బాండ్‌కి తోడుండే ఏజెంట్ పలోమా పాత్ర అంత చిన్నదేంటి?

అందరి కంప్లైంటూ ఇదే. పది నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది, పోయాక మళ్ళీ రాదు. పలోమాగా చేసిన ఆనా డె ఆర్మస్ అంతకుముందే ‘నైవ్స్ అవుట్’లో క్రెయిగ్‌తో చేసింది. ఆ చనువు తెరమీద తెలుస్తుంది. సినిమా మొత్తంలో క్రెయిగ్ హాయిగా నవ్వుతూ కనిపించే భాగం కూడా అదే.

ఆఖర్లో వచ్చే పాత పాట ఏంటి?

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన ‘వి హావ్ ఆల్ ద టైమ్ ఇన్ ద వరల్డ్’. 1969లో జార్జ్ లాజెన్‌బీ చేసిన ఏకైక బాండ్ సినిమాకోసం జాన్ బ్యారీ స్వరపరిచాడు. అందులో బాండ్ పెళ్ళి చేసుకుంటాడు, పెళ్ళయిన కాసేపటికే ఆమెను కాల్చేస్తారు. మన చేతిలో కావలసినంత కాలముందని ఆ పాట చెబుతుంది. ఇందులో మటేరాకి వెళ్తూ కారులో బాండ్ మాడెలిన్‌తో అదే మాట అన్నప్పుడే పాత అభిమానుల గుండెల్లో రాయిపడింది.

విషపు తోట, దీవి, బిడ్డ... ఇవి నవల్లో ఉన్నవేనా?

కొంతవరకు. ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో రాసిన ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ నవల్లో జపాన్ తీరాన బ్లోఫెల్డ్ పెంచే విషపు తోట ఉంటుంది. బాండ్ చనిపోయాడనుకుని అతని పై అధికారి ఎమ్ రాసిన సంతాప వ్యాసమూ ఉంటుంది. బాండ్‌కి తెలియకుండా బిడ్డ కడుపులో పడటమూ ఉంటుంది. అదే పేరుతో 1967లో వచ్చిన సినిమా వీటిని పట్టించుకోలేదు. యాభై ఏళ్ళ తర్వాత ఇక్కడ వాడుకున్నారు.

చనిపోయాక కూడా ‘జేమ్స్ బాండ్ మళ్ళీ వస్తాడు’ అని ఎందుకు వేశారు?

వచ్చేది బాండ్, క్రెయిగ్ బాండ్ కాదు. తర్వాతివాడితో కథ మొదటినుంచి మొదలవుతుంది. 2006లో చేసింది కూడా అదే కదా, అంతకుముందు బ్రాస్నన్ చేసిన పనులేవీ క్రెయిగ్ బాండ్ ఖాతాలో లేవు. (ఫేరోవాళ్ళు మాత్రం కాల్సోయ్‌లో బాండ్ పేరున సమాధి రాయి పెట్టేసి, పర్యాటకుల్ని రప్పించుకుంటున్నారు.)

## ఆ తర్వాత

హిట్టా ఫ్లాపా?

ప్రపంచమంతా కలిపి 77 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2021లో చైనా సినిమాలను పక్కనపెడితే దీనికన్నా ఎక్కువ వసూలు చేసింది స్పైడర్‌మ్యాన్ సినిమా ఒక్కటే. కానీ ఖర్చు 25 కోట్ల డాలర్లు దాటింది, వాయిదాల వల్ల ప్రచారం మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చింది. కరోనా లేకపోతే ‘స్కైఫాల్’లా వంద కోట్ల డాలర్లు దాటేదేమో.

ఆస్కార్ వచ్చింది క్రెయిగ్‌కా?

కాదు, పాటకి. బిల్లీ ఐలిష్, అన్న ఫినియస్ కలిసి చేసిన టైటిల్ పాటకి 2022లో వచ్చింది. ‘స్కైఫాల్’, ‘స్పెక్టర్’ పాటలకూ వచ్చాయి కాబట్టి వరసగా మూడోది. పాట 2020 ఫిబ్రవరిలోనే విడుదలైంది, అప్పటికి ఐలిష్‌కి 18 ఏళ్ళు. సినిమా వచ్చేసరికి అందరికీ కంఠతా వచ్చేసింది.

క్రెయిగ్‌కి దక్కినవి వేరే. బ్రిటిష్ నౌకాదళం గౌరవ కమాండర్ హోదా ఇచ్చింది, కథలో బాండ్ హోదా అదే. కొత్త సంవత్సర పురస్కారాల్లో సీఎమ్‌జీ ఇచ్చారు, బాండ్‌కీ కథలో అదే ఉంది. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో అతని నక్షత్రం 7007 నంబరు దగ్గర, రోజర్ మూర్ పక్కన.

అందరికన్నా ఎక్కువ బాండ్ సినిమాలు చేసింది క్రెయిగేనా?

ఎక్కువ ఏళ్ళు చేసింది క్రెయిగ్, ఎక్కువ సినిమాలు చేసింది రోజర్ మూర్. మూర్ 1973 నుంచి 1985 మధ్య ఏడు చేశాడు. షాన్ కానరీ బాండ్ సినిమాలు తీసే ఈయాన్ సంస్థకు ఆరు, బయట ఒకటి చేశాడు. క్రెయిగ్ 15 ఏళ్ళలో ఐదు.

కొత్త బాండ్ ఎవరు?

నిర్మాణ సంస్థ స్వయంగా చెప్పేదాకా వారానికో పేరు వస్తుంది, పట్టించుకోకండి. ఖాయంగా జరిగినవి ఇవి. ఎమ్‌జీఎమ్‌ని అమెజాన్ కొనేసింది. 2025 ఫిబ్రవరిలో బ్రకోలీ, విల్సన్ సృజనాత్మక పగ్గాలు అమెజాన్‌కి అప్పగించారు. నిర్మాతలుగా ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్, దర్శకుడిగా డెనీ విల్నవ్, రచయితగా స్టీవెన్ నైట్ వచ్చారు. అరవై ఏళ్ళకు పైగా ఒక కుటుంబం చేతుల్లో నడిచిన వ్యవహారం కంపెనీ చేతికి వెళ్ళింది. నాకు హీరో ఎవరన్నదానికన్నా ఇదే పెద్ద మార్పుగా కనిపిస్తోంది. కారు వెనకసీట్లో అడిగితే సరే అనే మనిషి ఇప్పుడు అక్కడ ఎవరున్నారో చూడాలి.